గంట నుంచి గంట దాకా

క్వారీ లారీ వెనక్కి వస్తూ వెన్న మండపం స్తంభాన్ని గుద్దినప్పుడు జాబెజ్ మాల్ట్‌బీ ఆ స్తంభానికే ఆనుకుని కూర్చున్నాడు. పైరాయి ఊడి ఆయన మోకాలి మీద పడింది. ఆ రోజు గురువారం, ఆల్డర్స్‌బీలో సంత. నా పింగాణీ సామాను బల్ల మండపం పక్కనే కాబట్టి నేనూ, చేపలమ్మే అతనూ కలిసి రాయి ఎత్తాం. అంత నొప్పిలోనూ ఆయన డ్రైవర్ని ఒక్క మాట అనలేదు. "హెస్టర్ని పిలవకండి, బేరంలో ఉంది," అన్నాడు.

హెస్టర్ ఆయన కూతురు. మండపం కింద వెన్న, చీజు, గుడ్లు అమ్ముతుంది. అంతకుముందు వాళ్ళమ్మ అక్కడే అమ్మింది, ఆమెకు ముందు అమ్మమ్మ. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు. జాబెజ్ పశువుల సంతలో వేలం వేసిన మనిషి. ఆయన గొంతు విప్పితే వంతెన అవతలి ఆవులు కూడా తలెత్తి చూసేవని చెప్పుకునేవారు. పశువుల సంత మూతపడ్డాక ఆయనకు మిగిలింది ఆ మండపం మెట్లే. పొద్దున్నే రోడ్డు దాటి వచ్చి కూర్చుని, వచ్చేపోయే వాళ్ళందరినీ పలకరించి, భోజనం వేళకు మళ్ళీ దాటి ఇంటికి వెళ్ళేవాడు.

కాలైతే అతుక్కుంది గాని మోకాలు వంగలేదు.

మూడు పీపాలు పబ్బు దగ్గర మా పెద్దరోడ్డు బాగా ఇరుకు. గుర్రబ్బళ్ళ కాలంనాటి మూల అది. కొండ మీద క్వారీ తెరిచాక రాళ్ళ లారీలు రోజంతా ఆ మూలలోంచే దిగేవి. ఒకటి వస్తుంటే మాట మధ్యలో ఆపి, అది వెళ్ళాక మళ్ళీ అందుకోవడం మా ఊరివాళ్ళకు అలవాటైపోయింది. కుంటికాలితో ఆ రోడ్డు దాటడం జాబెజ్ వల్ల కాలేదు. కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు. ఒక లారీ వెళ్ళగానే అడుగు వేసేవాడు. అంతలో ఇంకోటి మూల తిరిగేది. వెనక్కి తగ్గేవాడు. చివరికి లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేవాడు. గుడ్లు పొట్లం కడుతూ హెస్టర్ ఇదంతా ఇవతల నుంచి చూసేది.

ఆమె ఊరి కౌన్సిల్‌కు వెళ్ళింది. తోడుగా నన్ను రమ్మంది. "నువ్వు మాట్లాడక్కర్లేదు ఆంబ్రోస్, పక్కన కూర్చో చాలు. నాకు కోపం వస్తే కాలు తొక్కు," అంది.

మా ఊరి గుణం ఒకటి ఇక్కడ చెప్పాలి. ఆల్డర్స్‌బీ దేన్నీ కాదనదు. ఆలోచిస్తానంటుంది. మా ముత్తాతల కాలంలో రైలు కంపెనీవాళ్ళు వచ్చి ఇటుగా పట్టాలు వేస్తామంటే, పొగ తగిలి వెన్న పాడవుతుందేమో ఆలోచించి చెబుతామన్నారట. వాళ్ళు ఆలోచిస్తూ ఉండగానే రైలు పక్కనున్న స్కార్‌థ్వైట్‌కు వెళ్ళిపోయింది. ఇప్పుడు స్కార్‌థ్వైట్‌లో ఫ్యాక్టరీలున్నాయి, సినిమా హాలుంది. మాకు వెన్న మండపం ఉంది. ఆ సంగతి మావాళ్ళు ఎంత గొప్పగా చెప్పుకుంటారంటే, రైలును కర్రలతో తరిమి కొట్టారేమో అనిపిస్తుంది.

కౌన్సిల్ అధ్యక్షుడు విల్‌ఫ్రెడ్ హోల్‌గేట్. బట్టల కొట్టు ఆయనదే. చెడ్డవాడు కాదు. చిన్నప్పటి నుంచి ఈ ఊరి చరిత్రంటే ప్రాణం. ఏ రాజు మాకు సంత హక్కు ఇచ్చాడో, ఏ మంటలో చర్చి కప్పు కాలిందో, ఏ వరదలో వంతెన కొట్టుకుపోయిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. సమావేశాల్లో మెడలో వేసుకునే వెండి గొలుసును ఇంట్లో తనే తోముకుంటాడని భార్య అందరికీ చెప్పేది.

"కొండ వెనక మందల బాట ఉంది కదండీ," అంది హెస్టర్. "ఒకప్పుడు పశువుల్ని తోలుకొచ్చిన దారి. దాని మీద ఇప్పుడు తారు కూడా ఉంది. లారీలు అటు వెళ్తే కాస్త చుట్టు, అంతే. ఊళ్ళోకి రానక్కర్లేదు."

"చాలా మంచి మాట చెప్పావమ్మా," అన్నాడు హోల్‌గేట్. "మీ నాన్నగారు ఎలా ఉన్నారు?"

"రోడ్డు దాటలేకపోతున్నారు."

"పాపం. మేం తప్పకుండా ఆలోచిస్తాం. బిస్కెట్ తీసుకో."

నేను కాలు తొక్కాను. ఆమె బిస్కెట్ తీసుకుంది.

రోడ్డు ఊరిది కాదు, జిల్లాదని తర్వాత తేలింది. జిల్లావాళ్ళను అడిగితే, పెద్దరోడ్లు లండన్‌వాళ్ళ చేతిలో ఉంటాయన్నారు. లండన్‌వాళ్ళు ఎంతో మర్యాదగా, ముందు మీ ఊరి కౌన్సిల్ అభిప్రాయం ఏమిటో తెలియజేయమన్నారు. కౌన్సిల్ తన అభిప్రాయం ఏమిటో ఆలోచించడానికి ఒక ఉపసంఘం వేసింది. ఉపసంఘంలో ఒకాయన చేపల వేటకు వెళ్ళేవాడు, ఒకాయనకు ఉబ్బసం. ఇద్దరూ కలిసి ఒక చోట కూర్చున్న పాపాన పోలేదు. హెస్టర్ ఎవరిని కదిపినా అందరూ ఆమె చెప్పింది నిజమేననేవారు. "ఒక్కడైనా కుదరదు అంటే బాగుండు ఆంబ్రోస్," అనేది నాతో. "వాడితో పోట్లాడేదాన్ని. దూదిని గుద్దినట్టుంది."

స్తంభం సంగతి మాత్రం ఇలా నడవలేదు. దానికి చందాలు వారంలో పోగయ్యాయి. పెద్ద చర్చిలు బాగుచేసే శిల్పిని పిలిపించారు. పాత రాయి ఏ గుట్ట నుంచి వచ్చిందో వెతికి, ఆ గుట్టలోంచే కొత్త రాయి తెప్పించారు. కలిసే చోట గీత కూడా కనపడకుండా అతికించాడతను. బ్యాండు మేళంతో ఆవిష్కరణ. జాబెజ్‌కు ముందు వరసలో కుర్చీ వేశారు. ఆయన్ని ఇవతలికి తీసుకురావడానికి కానిస్టేబుల్ సిరిల్ రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యెత్తి లారీలను ఆపాల్సి వచ్చింది. సిరిల్ హెస్టర్‌కు మేనమామ కొడుకు.

హోల్‌గేట్ మాట్లాడుతూ, "ఈ స్తంభం పడిందని విన్నప్పుడు నా గుండెలో ఏదో విరిగినట్టయింది," అన్నాడు. నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు.

"నా మోకాలికి కూడా ఆ గుట్ట నుంచే రాయి తెప్పిస్తారా అండీ," అన్నాడు జాబెజ్. వేలం గొంతు కదా, చివరి వరసదాకా వినపడింది. జనం నవ్వారు. హోల్‌గేట్ కూడా నవ్వాడు. హెస్టర్ నవ్వలేదు.

ఆ శరదృతువులో జాతర వచ్చింది. జాతర రోజు చర్చి గంట కొట్టే లయనెల్ మండపం మెట్లెక్కి పాత చాటింపు వేస్తాడు. ఎర్ర కోటు, మూడు మూలల టోపీ, చేతిలో కంచు గంట. ఆ మాటలు ఎప్పటివో. మేమంతా పుట్టినప్పటి నుంచి వింటున్నాం, అంటే వినడం ఎప్పుడో మానేశాం. ఆ వేళకు పిల్లలకు బెల్లం తాయిలాలు కొనిపెట్టడమో, పబ్బు తలుపు తీశారేమో చూసుకోవడమో చేస్తాం. ఆ ఏడు హెస్టర్ వెన్న డబ్బాలు సర్దుతూ మెట్ల కిందే ఉంది. చాటింపు అవగానే లయనెల్ కోటు పట్టుకుని ఆపింది.

"ఇందాక బళ్ళ గురించి ఏదో అన్నావే, మళ్ళీ చెప్పు."

"ఏ బళ్ళు?"

"నువ్వే అరిచావుగా ఇప్పుడు."

"నాకేం తెలుసు హెస్టర్, మా నాన్న నేర్పింది నోటికి వచ్చేస్తుంది. మధ్యలోంచి చెప్పమంటే రాదు."

"అయితే మొదట్నుంచీ చెప్పు."

పాపం, అతను పబ్బువైపు ఒకసారి చూసి, టోపీ మళ్ళీ పెట్టుకుని, మొదలు నుంచి గొణిగాడు. రాజుగారి పేరు, సాధువుల పేర్లు, తూకాల్లో మోసం చేస్తే పడే శిక్షలు అన్నీ అయ్యాక అది వచ్చింది. చర్చి గేటు నుంచి వంతెన దాకా, పొద్దుటి గంట నుంచి సాయంత్రం గంట దాకా, నేలంతా సంతదే. బండి గాని, గుర్రం గాని, మంద గాని అమ్మేవాళ్ళ సెలవు లేకుండా దాటరాదు.

"ఇది జాతర రోజుకేనా?" అంది హెస్టర్.

"ప్రతి సంతకీనట. పూర్వం ప్రతి గురువారం చాటేవాళ్ళట. మా తాతకు గొంతునొప్పి వచ్చి ఏడాదికొకసారి చేశాడు."

హెస్టర్ ఊళ్ళో లాయరు దగ్గరికి వెళ్ళింది. ఆ హక్కు ఇప్పటికీ చెల్లుతుందా అని అడిగింది. చెల్లవచ్చు, చెల్లకపోవచ్చు, కోర్టుకు వెళ్తే మన జీవితకాలంలో తేలుతుందని చెప్పలేను అన్నాడాయన. "అంటే చెల్లదని ఎవరూ అనలేరు కదా," అందామె. ఆ మాటకు ఆయన అనలేరనే ఒప్పుకున్నాడు.

బుధవారం సాయంత్రం మూడు పీపాల్లో అమ్మేవాళ్ళందరినీ కూడగట్టింది. రేపు గంట కొట్టగానే బల్లలు రోడ్డు మీద వెయ్యాలి. అందరూ సై అన్నారు. చేపలతను బల్ల గుద్ది మరీ అన్నాడు. ఎవరో పాత పాట ఎత్తుకున్నారు. హెస్టర్ ముఖం చాలా రోజుల తర్వాత తేటపడింది.

పొద్దున గంట మోగింది. హెస్టర్ తన బల్ల కాళ్ళు ఈడ్చుకుంటూ రోడ్డు మధ్యకు వెళ్ళింది. మిగతా వాళ్ళంతా ఎవరి చోట వాళ్ళు ఉన్నారు. చేపలతను మంచు గడ్డలు సర్దుకుంటున్నాడు. చాలా శ్రద్ధగా సర్దుకుంటున్నాడు.

"ఏమయ్యా, రావా?" అంది హెస్టర్.

"వస్తా. ముందు ఎలా ఉంటుందో చూద్దామని."

"ఎలా ఉంటుందంటే, నేనొక్కదాన్నే లారీ కింద పడేలా ఉంటుంది."

నాది పింగాణీ. ఒక్కసారి బల్ల ఒరిగితే నా నెల బతుకు ముక్కలవుతుంది. అయినా ఆమె అక్కడ గుడ్ల బుట్ట పెట్టుకుని, చేతులు కట్టుకుని, ఒక్కతే నిలబడి ఉంటే చూడలేకపోయాను. సాసర్లు గడ్డిలో చుట్టి నా బల్ల ఆమె పక్కన వేశాను. మొదటి లారీ మూల తిరిగి, కీచుమని ఆగింది. దాని వెనక ఇంకోటి. అప్పుడు కూరగాయలామె వచ్చింది. ఆ తర్వాత దుప్పట్లవాళ్ళు, బెల్టులవాళ్ళు. అందరూ వచ్చేశాక చేపలతను కూడా వచ్చి, మొదటి నుంచీ ఉన్నవాడిలా నడిమధ్యన నిలబడ్డాడు.

లారీలు కొండ ఎగువదాకా బారు తీరాయి. ముందున్న డ్రైవర్ కుర్రవాడు, ఎక్కడో దూరం నుంచి వచ్చినవాడు. దిగి వచ్చాడు. "ఏంటమ్మా ఇది, నా పని పోగొట్టేలా ఉన్నావే."

"నీ మీద కోపం లేదు నాయనా. మందల బాట అటుంది. ఇదిగో గుడ్లు, తీసుకెళ్ళు," అంది హెస్టర్.

సిరిల్ వచ్చాడు. టోపీ తీసి నుదురు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "హెస్టర్, నా ఉద్యోగం ఊడేలా చెయ్యకు. బల్లలు తియ్యి."

"చాటింపు విన్నావా?"

"చిన్నప్పటి నుంచీ వింటున్నాగా."

"అయితే అది అబద్ధమని రాసివ్వు. తీసేస్తాను."

సిరిల్ రాసివ్వలేదు. "హోల్‌గేట్ గారిని పిలుస్తా," అన్నాడు. హోల్‌గేట్ కొలిచే టేపు మెడలో ఉండగానే పరుగున వచ్చాడు. హెస్టర్ ఆయన్ని ఒక్కటే అడిగింది. "రాజుగారు మనకిచ్చింది నిజమేనా, కాదా? ప్రతి జాతరకూ మీరే చెబుతారుగా." చుట్టూ జనం. ఆయన లారీల్ని చూశాడు, మండపాన్ని చూశాడు, తన జీవితమంతా చెప్పుకున్న మాటను ఈ నడిరోడ్డులో మింగెయ్యాలా అన్నట్టు నిలబడ్డాడు. చివరికి, "నిజమే," అన్నాడు. ఆ ఒక్క మాటలో ఆయనకు మర్యాద దక్కిందనే నేను ఇప్పటికీ అంటాను.

ఆ గొడవలో ఎవరూ గమనించలేదు, ఎదురింటి తలుపు తెరుచుకుంది. జాబెజ్ గుమ్మం దిగి రోడ్డు మీద నడవడం మొదలుపెట్టాడు. కర్ర, కాలు, కర్ర, కాలు. ఆయన కోసం జనం పక్కకు తప్పుకున్నారు.

"కొంచెం త్వరగా రండి మామయ్యా, లారీలు ఆగున్నాయి," అన్నాడు సిరిల్.

"మన కౌన్సిల్ లాగానే రా నా మోకాలూ. ఆలోచించి గాని కదలదు," అన్నాడు జాబెజ్.

ఆ రోజు సాయంత్రం గంటదాకా ఆయన మెట్ల మీదే కూర్చున్నాడు. పలకరించని మనిషి లేడు.

క్వారీవాళ్ళు కొన్ని గురువారాలు చూశారు. ప్రతిసారీ బల్లలు రోడ్డెక్కుతుంటే ఇక లాభం లేదని, గురువారాలు లారీలను మందల బాటన పంపడం మొదలుపెట్టారు. కౌన్సిల్ దాన్ని ఏకగ్రీవంగా హర్షించింది. వసంతం వచ్చేసరికి చర్చి గేటు దగ్గర ఓక్ చెక్క బోర్డు వెలిసింది. అనాది ఆచారం ప్రకారం గురువారం సంతవేళ వాహనాలకు ప్రవేశం లేదని ఉంది దాని మీద. కింద అధ్యక్షుడు హోల్‌గేట్ పేరు. ఎక్కడెక్కడి నుంచో బస్సుల్లో జనం చూడటానికి వచ్చేవారు. నా దగ్గర టీ కప్పులు కొంటున్న ఒకావిడకు చేపలతను చెబుతుంటే విన్నాను. "మా ఊళ్ళో ఇది వందల ఏళ్ళుగా ఇంతేనండీ. ఒక్క గురువారం కూడా తప్పింది లేదు."

హెస్టర్ పక్కనే ఉంది. చీజు కోస్తున్న తీగ ఆమె చేతిలో ఆగిపోయింది. ఆ ముక్క వంకరగా తెగింది.

పేరు రాలేదని కాదు ఆమె బాధ. మిగతా ఆరు రోజులూ లారీలు ఎప్పటిలాగే వస్తున్నాయి. ఇంకా ఎక్కువే వస్తున్నాయి, గురువారం లోటు శుక్రవారం తీర్చుకోవాలిగా. ఆమె మళ్ళీ కౌన్సిల్‌కు వెళ్ళింది. ఈసారి కాలు తొక్కడానికి నన్ను తీసుకెళ్ళలేదు. ఏం జరిగిందో తనే చెప్పింది. గురువారం మందల బాటన వెళ్ళగలిగిన లారీ శుక్రవారం ఎందుకు వెళ్ళలేదని అడిగిందట.

"శుక్రవారానికి ఆచారం లేదమ్మా," అన్నాడట హోల్‌గేట్, నిజంగా నొచ్చుకుంటూ.

"అయితే ఇప్పుడు మొదలుపెట్టండి. ఆచారాలన్నీ ఎవరో ఒకరు మొదలుపెట్టినవేగా."

"అలా మొదలుపెట్టేస్తే అది ఆచారం ఎలా అవుతుందమ్మా?"

శుక్రవారం కూడా బల్లలు వేద్దామని మమ్మల్ని అడిగింది. కాని శుక్రవారం మాకందరికీ స్కార్‌థ్వైట్‌లో సంత. శనివారం ఇంకో ఊరు. ఒక సోమవారం ఆమె ఒక్కతే బల్ల లాక్కుని రోడ్డు మీద వేసింది. ఈసారి సిరిల్ వచ్చి బల్ల ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస ఆమె పట్టుకోక తప్పలేదు, లేకపోతే గుడ్లన్నీ పగిలేవి. ఇద్దరూ కలిసి దాన్ని పక్కన పెట్టారు. హోల్‌గేట్ కొట్టు గోడ కూడా ఆ లారీల అదురుకు పైనుంచి కిందిదాకా బీటలిచ్చింది. ఆయన దాని మీద ఒక మంచి పూల కర్టెన్ వేలాడదీశాడు.

చలికాలంలో ఒక మంగళవారం సాయంత్రం, ఆమె అడిగిన టీ కెటిల్ ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళాను. జాబెజ్ కిటికీకి వీపు పెట్టి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గురువారం తప్ప ఆయన కుర్చీ అటు తిప్పడని అప్పుడే తెలిసింది. హెస్టర్ కౌన్సిల్ సమావేశం నుంచి అప్పుడే వచ్చింది. చలికోటు కూడా విప్పలేదు.

"ఏమన్నారు?" అన్నాడు జాబెజ్.

ఆమె నీళ్ళు పొయ్యి మీద పెట్టింది. పెట్టిన చప్పుడు గట్టిగానే వినిపించింది.

"పోనీలే తల్లీ. ఎల్లుండి గురువారమేగా," అన్నాడాయన మెల్లగా.

"గురువారం ఎప్పుడో నాకు తెలుసు నాన్నా," అంది హెస్టర్. "నాకు మంగళవారం కావాలి."

బయట లారీ ఒకటి మూల తిరిగింది. అలమరలో కప్పులన్నీ గలగలమన్నాయి. ఆమె అలమర తలుపును అరచేత్తో అదిమి పట్టుకుని, అది వెళ్ళేదాకా అలాగే నిలబడింది. ఆ తర్వాత వచ్చి నా చేతిలోంచి కెటిల్ తీసుకుని, మూత సరిగ్గా పడుతోందో లేదో చూసుకుంది.